సంస్థకు సరిపోయే నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను ఎంచుకోవడం: ప్రశ్నల చిట్టా నుంచి ఒప్పందం దాకా

నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటే సంస్థలోని పత్రాలు, పద్ధతులు, జవాబులు ఒకచోట పెట్టి వెతుక్కునే సాఫ్ట్‌వేర్. డెమోలో బాగాలేని అలాంటి సాఫ్ట్‌వేర్‌ను నేనింతవరకూ చూడలేదు. అమ్మేవాళ్లు వాళ్ల పేజీలు పెట్టుకుని, వాళ్లకు తెలిసిన మాటలతో వెతికి చూపిస్తారు. జవాబు టక్కున వస్తుంది. ఆ పేజీలన్నీ శుభ్రంగా ఉంటాయి, పేర్లు కుదురుగా ఉంటాయి, పాత వర్షన్ ఒక్కటీ కనిపించదు. మన సంస్థలో అలా ఉండదు. ఒకే ఫారానికి నాలుగు ఫోల్డర్లలో నాలుగు కాపీలుంటాయి. వాటిలో ఇప్పుడు నడుస్తున్నది ఏదో ఒకరిద్దరికే తెలుస్తుంది.

నేను పాల్గొన్న మొదటి ఎంపిక ఇలాగే చెడింది. ఫీచర్ల పట్టిక వేశాం, ఐదు కంపెనీల్ని పిలిచాం, ఎక్కువ టిక్కులు పడినవాళ్లకు ఆర్డరిచ్చాం. ఆరు నెలలు తిరిగేసరికి అందరూ మళ్లీ చాట్ గ్రూపులోకే వచ్చారు. "కొత్త ఫారం ఎవరి దగ్గరైనా ఉందా?" అని రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు అడిగేవారు. సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తోంది. మా వాళ్లు రోజూ ఏం అడుగుతున్నారో చూడకుండా కొన్నాం, అక్కడే దెబ్బతిన్నాం. అప్పట్నుంచి ఈ పని ఎప్పుడు చేసినా నేను పాటిస్తున్న వరస కింద రాస్తున్నాను.

1. రెండు వారాలు ప్రశ్నలు పోగుచేయండి

ఏ కంపెనీ వెబ్‌సైటూ చూడకముందు ఒక ఖాళీ షీట్ తెరవండి. సంస్థలో ఒకరినొకరు అడిగే ప్రశ్నల్ని రెండు వారాలపాటు అందులో రాయాలి. చాట్‌లో అడిగినవి, మెయిల్లో అడిగినవి, సపోర్ట్ టికెట్లుగా వచ్చినవి, సీటు దగ్గరికొచ్చి అడిగినవి, అన్నీ. ప్రతి ప్రశ్న పక్కన ఎవరు అడిగారు, ఎవర్ని అడిగారు, జవాబు చివరికి ఎక్కడ దొరికింది, దొరకడానికి ఎంతసేపు పట్టింది అన్నవి చేర్చండి. దీనికి ప్రతి టీమ్ నుంచి ఒకరు రోజుకు పది నిమిషాలు కేటాయిస్తే చాలు.

ప్రశ్నను అడిగిన మాటల్లోనే రాయాలి. సరిదిద్దకండి, ఆఫీసు భాషలోకి మార్చకండి. ఎందుకో ఒక్క ప్రశ్న తీసుకుని చూద్దాం. "బిల్లు వెనక్కొచ్చింది, ఇప్పుడేం చేయాలి?" అని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. అకౌంట్స్ వాళ్లు దీనికి జవాబు ఎప్పుడో రాసిపెట్టారు. ఆ పేజీ పేరు ‘చెల్లింపు తిరస్కరణల పరిష్కార విధానం’. పేజీ మొత్తంలో ‘బిల్లు’ అన్న మాట లేదు, ఇన్‌వాయిస్ అని ఉంది. ‘వెనక్కి’ అన్న మాట లేదు, తిరస్కరణ అని ఉంది. ఆమె తన మాటలతో వెతికితే ఏమీ రాలేదు. పక్క సీటులో ఉన్నాయన్ని అడిగింది. ఆయన తనకు గుర్తున్నది చెప్పాడు. అది పోయినేడాది పద్ధతి. బిల్లు రెండోసారి కూడా వెనక్కొచ్చింది.

కస్టమర్ సపోర్ట్ రంగంలో ‘నాలెడ్జ్ సెంటర్డ్ సర్వీస్’ అనే పద్ధతి 1990ల నుంచీ వాడుకలో ఉంది. సమస్యను అడిగినవాళ్ల మాటల్లోనే పట్టుకుని రాయాలన్నది అందులో ముఖ్యమైన నియమం. ఏ సిస్టమ్ కొన్నా ఈ అలవాటు లేకపోతే సెర్చ్ ఎప్పుడూ సగమే పనిచేస్తుంది.

రెండు వారాలయ్యాక ఆ ప్రశ్నల్ని నాలుగు కుప్పలు చేయండి.

మొదటిది, జవాబు రాసి ఉంది కానీ దొరకలేదు. పైన చెప్పిన బిల్లు సంగతి ఇదే. ఈ కుప్ప పెద్దదైతే మీకు కావాల్సింది మంచి సెర్చ్.

రెండోది, దొరికింది కానీ పాతది. ఇక్కడ సెర్చ్ ఎంత బాగుంటే అంత నష్టం, తప్పు జవాబు అంత త్వరగా చేతికొస్తుంది. ప్రతి పేజీకీ ఒక ఓనర్, ఒక సమీక్ష తేదీ ఉండి, ఆ తేదీ దాటగానే ఓనర్‌కు గుర్తుచేసే ఏర్పాటున్న సిస్టమ్ కావాలి.

మూడోది, ఎక్కడా రాసిలేదు, ఎవరో ఒకరి తలలో ఉంది. దీని గురించి కింద విడిగా రాశాను.

నాలుగోది, జవాబే లేదు. ఇద్దరు మేనేజర్లు రెండు రకాలుగా చెబుతున్నారు, లేదా ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. ఆ ప్రశ్నల పట్టికను నేరుగా పైవాళ్ల ముందు పెట్టండి. మా దగ్గర ఒకసారి ఈ కుప్పే అన్నిటికంటే పెద్దదిగా తేలింది. కొనుగోలు మూడు నెలలు ఆపి ముందు నిర్ణయాలు చేయించాం. అది మేము చేసిన మంచి పనుల్లో ఒకటి.

2. తలలో ఉన్నదాన్ని ఎలా పట్టుకుంటారో ఆలోచించండి

మనిషి తనకు తెలిసినదంతా మాటల్లో చెప్పలేడని మైఖేల్ పొలానీ అనే తత్వవేత్త చెప్పాడు. ఇరవై ఏళ్లుగా మిషన్ నడుపుతున్న మనిషి శబ్దం వినగానే ఏ బేరింగ్ అరిగిందో చెబుతాడు. ఎలా తెలిసిందో రాయమంటే రెండు లైన్లు రాసి ఆగిపోతాడు. అలాంటి మనిషికి ఇరవై గడులున్న ఫారం ఇచ్చి నింపమంటే ఏమవుతుందో మీకు తెలిసిందే.

జిరాక్స్ కంపెనీ అనుభవం ఇక్కడ చాలా పనికొస్తుంది. కాపీయర్ మిషన్లు బాగుచేసే టెక్నీషియన్ల పనిని జూలియన్ ఓర్ అనే మానవ శాస్త్రవేత్త 1980ల్లో దగ్గరుండి గమనించాడు. మొండికేసిన మిషన్ ముందు వాళ్లు కంపెనీ మాన్యువల్ మీద ఆధారపడటం కంటే, ఒకరికొకరు చెప్పుకునే కబుర్ల మీద ఎక్కువ ఆధారపడుతున్నారని ఆయన చూశాడు. "పోయిన నెల నాకూ ఇలాగే అయింది, చివరికి తేలిందేమిటంటే" అని మొదలయ్యే కబుర్లు అవి. తర్వాత 1990ల్లో జిరాక్స్ యురేకా అనే సిస్టమ్ తెచ్చింది. టెక్నీషియన్లు తమ చిట్కాలు పంపేవారు, అనుభవమున్న తోటి టెక్నీషియన్లు వాటిని పరిశీలించేవారు, ఒప్పుకున్న చిట్కా రాసినవాళ్ల పేరుతోనే అందరికీ వెళ్లేది. తనలాంటి పనివాళ్లు ఒప్పుకున్న చిట్కా కింద తన పేరు ఉండటం ఎవరికైనా గౌరవమే.

కాబట్టి మూడో కుప్ప పెద్దదిగా ఉంటే సిస్టమ్‌లో చూడాల్సినవి వేరు. చిన్న చిట్కాను ఫోన్‌లో నుంచి రెండు నిమిషాల్లో పెట్టగలగాలి. ఫొటో, చిన్న వీడియో, వాయిస్ ఎక్కాలి. ప్రశ్న అడిగితే దాని కిందే జవాబులు రావాలి. రాసినవాళ్ల పేరు కనిపించాలి. ఏ విషయం ఎవరికి తెలుసో వెతికే వీలుండాలి. కొన్ని విషయాల్లో "ఫలానా ఆవిడకు ఫోన్ చేయండి" అన్నదే సరైన జవాబు, అది చూపించగలిగినా ఆ సిస్టమ్ తన పని చేసినట్టే.

3. ఏ రకం కావాలో తేల్చుకోండి

ఒకే పేరు కింద నాలుగైదు రకాల వస్తువులు అమ్ముతుంటారు. వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడటం వల్లే చాలా కమిటీలు దారి తప్పుతాయి.

వికీ అంటే ఎవరైనా పేజీ రాసి, ఎవరైనా సరిదిద్దగలిగేది. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో మొదటిది పెట్టాడు. హవాయి భాషలో ఆ మాటకు ‘త్వరగా’ అని అర్థం. కాన్‌ఫ్లుయెన్స్, వికీపీడియా నడిచే మీడియావికీ, బుక్‌స్టాక్, డోకువికీ ఈ కోవలోవి. పద్ధతులు తరచూ మారే టీములకు ఇవి బాగా కుదురుతాయి. ఎవరూ పట్టించుకోకపోతే రెండేళ్లలో అడవిలా పెరిగిపోతాయి కూడా.

డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ రకానికి షేర్‌పాయింట్ ఉదాహరణ. ఫైళ్లు, ఆమోదాలు, ఎవరు ఎప్పుడు మార్చారన్న రికార్డు ముఖ్యమైనచోట ఇది సరైనది. కస్టమర్లకు బయటికి చూపించే హెల్ప్ పేజీలకు జెండెస్క్, డాక్యుమెంట్360 లాంటివి ఉన్నాయి. ప్రశ్న, జవాబుల వేదికలు మరో రకం. ఇంకోటి, ఉన్న డేటాను కదపకుండా మెయిల్, డ్రైవ్, చాట్ అన్నిటిలో ఒకేసారి వెతికిపెట్టేది.

ఈ అడుగులో ఇంకో పని చేయండి. ఇప్పటికే డబ్బు కడుతున్నవాటిలో ఏముందో చూడండి. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్లాన్లు తీసుకున్న చాలా సంస్థల దగ్గర షేర్‌పాయింట్ ఉంటుంది, సగం మందికి ఆ సంగతే తెలియదు. మొదటి రెండు కుప్పలు మాత్రమే సమస్య అయితే, ఉన్నదాన్నే శుభ్రం చేసి ఓనర్లను పెట్టుకోవడం కొత్తది కొనడం కంటే మేలు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు, మనమే చూసుకోవాలి.

‘మా సాఫ్ట్‌వేర్‌కు ఐఎస్ఓ 30401 ఉంది’ అని ఎవరైనా అంటే ఆగి వివరం అడగండి. 2018లో వచ్చిన ఆ ప్రమాణం ఒక సంస్థ తన జ్ఞానాన్ని ఎలా నిర్వహించుకోవాలో చెబుతుంది. సాఫ్ట్‌వేర్ బాగుందో లేదో అది చెప్పదు.

4. కమిటీ చిన్నదిగా ఉండాలి

ఐదుగురు చాలు. అందరూ వెళ్లి అడిగే మనిషి ఒకరు, చేరి మూడు నెలలైనా కాని కొత్త ఉద్యోగి ఒకరు, ఐటీ భద్రత చూసేవాళ్లు ఒకరు, కస్టమర్లతో రోజూ మాట్లాడేవాళ్లు ఒకరు, డబ్బు మంజూరు చేసేవాళ్లు ఒకరు. కొత్త ఉద్యోగిని వదిలేయకండి. ఎక్కడ ఏముందో తెలియని మనిషికి ఎలా ఉంటుందో మిగతా నలుగురూ ఎప్పుడో మర్చిపోయారు.

5. తప్పనిసరి అంశాలు ఏడుకు మించనివ్వకండి

నూట ఇరవై ఫీచర్ల పట్టికలో ముఖ్యమైనదీ అలంకారమూ ఒకే బరువు తూగుతాయి. మీ కుప్పల్ని బట్టి ఏడింటిని ఎంచుకోండి, వాటిలో ఒక్కటి లేకపోయినా ఆ కంపెనీని పక్కన పెట్టండి. నా పట్టికలో దాదాపు ఎప్పుడూ ఉండేవి సెర్చ్, తేలిగ్గా రాసి సరిదిద్దే వీలు, పేజీ ఓనర్‌తో పాటు సమీక్ష తేదీ, పాత వర్షన్‌కు వెనక్కి వెళ్లే వీలు, టీమ్‌ను బట్టి పర్మిషన్లు, సంస్థ లాగిన్‌తోనే లోపలికి వెళ్లడం, డేటా మొత్తం బయటికి తీసుకునే దారి.

లాగిన్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. వేరే పాస్‌వర్డ్ అడిగితే జనం వెళ్లరు. అంతకంటే ముఖ్యం, ఉద్యోగం మానేసిన మనిషి ఖాతా సంస్థ లిస్టులో మూసేయగానే ఇక్కడా దానంతటదే మూసుకుపోవాలి. ఎస్ఏఎంఎల్ (సంస్థ లాగిన్‌తోనే లోపలికి రానిచ్చేది), ఎస్‌సీఐఎం (ఖాతాల్ని సంస్థ లిస్టును బట్టి తెరిచి మూసేది) అనే రెండు పద్ధతులకు సపోర్ట్ ఉందా, అది మీరు కొనే ప్లాన్‌లోనే ఉందా అని ఐటీ వాళ్లతో అడిగించండి. చాలా కంపెనీలు దీన్ని ఖరీదైన ప్లాన్‌లో పెడతాయి.

6. మీ డేటాతో, మీ ప్రశ్నలతో పరీక్ష పెట్టండి

మొత్తం వరసలో నేను ఎక్కువ సమయం ఇచ్చేది దీనికే. మిగిలిన రెండు మూడు కంపెనీల దగ్గర ట్రయల్ ఖాతా తీసుకోండి. మీ సొంత పత్రాలు రెండు వందలు ఎక్కించండి. ఏరి ఏరి మంచివే పెట్టకండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, ఒకే పత్రానికి పాత, కొత్త కాపీలు, పేరు సరిగా లేని ఫైళ్లు, పెద్ద ఎక్సెల్ షీట్లు కూడా ఉండాలి. రహస్య వివరాలున్నవి మాత్రం తీసేయండి.

తర్వాత మొదటి అడుగులో పోగుచేసిన ప్రశ్నల్లో ముప్పై తీసుకోండి. ఆ పత్రాలు రాయనివాళ్లు ఐదుగురిని కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టుగా ఆ ప్రశ్నల్నే టైప్ చేయించండి. సరైన పత్రం మొదటి మూడింట్లో వచ్చిందా, కిందెక్కడో వచ్చిందా, అసలు రాలేదా అని రాసుకోండి. పక్కన కూర్చుని సాయం చేయకండి. మూడు సిస్టమ్‌లకూ ఒకే ప్రశ్నలు, ఒకే పత్రాలు ఉండాలి. ముప్పైలో ఎన్ని దొరికాయన్న ఆ ఒక్క అంకె, నేను చూసిన ఏ బ్రోచర్ కంటే ఎక్కువ చెప్పింది.

అక్షర దోషాలతో వెతికించండి. పర్యాయపదాలు నేర్పే వీలుందో లేదో, అంటే ‘బిల్లు’ అని కొడితే ‘ఇన్‌వాయిస్’ పేజీ వచ్చేలా చేయగలమో లేదో చూడండి. స్కాన్ చేసిన కాగితంలోని అక్షరాల్ని సిస్టమ్ చదువుతోందా అన్నది కూడా.

తెలుగులో పత్రాలున్న సంస్థలు ఇంకో రెండు పరీక్షలు చేయాలి. మన మాటలకు ప్రత్యయాలు అతుక్కుంటాయి. ‘సెలవు’ అని వెతికితే ‘సెలవులకు’, ‘సెలవుల్లో’, ‘సెలవుపై’ అని ఉన్న పేజీలు రావాలి. ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన సెర్చ్ చాలాసార్లు ఇక్కడ తప్పిపోతుంది. రెండోది, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) రాకముందరి డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లు. అవి కంటికి తెలుగులాగే కనిపిస్తాయి, సెర్చ్‌కు మాత్రం అర్థంలేని గుర్తుల్లా ఉంటాయి. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోకపోతే ఏ సిస్టమ్ కొన్నా ఉపయోగం లేదు. ఆ మార్పిడి పని ఎంతో ఇప్పుడే లెక్కేసుకోండి.

పర్మిషన్ల పరీక్షకు చిన్న ఉద్యోగి ఖాతాతో లాగిన్ అయి ‘జీతం’ అని వెతకండి. పత్రం తెరుచుకోకపోయినా దాని పేరు, అందులోంచి రెండు లైన్లు ఫలితాల్లో కనిపిస్తే అదీ లీకే.

ఇప్పుడు దాదాపు ప్రతి సిస్టమ్ ఏఐ జవాబులు ఇస్తానంటోంది. దీన్ని నమ్మే ముందు మూడు రకాల ప్రశ్నలు వేయండి. మీ పత్రాల్లో జవాబు లేని ప్రశ్న ఒకటి: తెలియదని ఒప్పుకుంటుందా, కల్పించి చెబుతుందా? పాత, కొత్త కాపీలు రెండూ ఉన్న విషయం మీద ఒకటి: దేన్ని పట్టుకుంది? మీకు చూసే హక్కు లేని పత్రం మీద ఒకటి: అందులోంచి ఏమైనా చెప్పేసిందా? జవాబు కింద ఏ పేజీ నుంచి తీసుకుందో లింకు లేకపోతే దాన్ని వాడొద్దనే నేను చెబుతాను. మీరు ఎక్కించిన డేటాను వాళ్ల మోడల్ శిక్షణకు వాడతారా అన్నదానికి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

7. మూడేళ్ల ఖర్చు లెక్కేయండి

లైసెన్సు ధర పైకి కనిపించేది. దాని వెనక పాత పత్రాలు శుభ్రం చేయడం, కొత్త చోటికి తరలించడం, శిక్షణ, ఇంకా పేజీలను తాజాగా ఉంచే మనుషుల సమయం ఉంటాయి. చివరిదాన్ని దాదాపు ఎవరూ లెక్కలో చూపించరు. 600 పేజీలున్నాయనుకోండి. ఒక్కోదాన్ని ఏడాదికి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున సరిచూసుకోవాలి. మొత్తం 24,000 నిమిషాలు, అంటే ఏడాదికి 400 గంటలు. ఈ గంటలు ఎవరి పనిలోంచి వస్తాయో ముందే తేల్చకపోతే ఏడాది తిరిగేసరికి రెండో కుప్ప మళ్లీ తయారవుతుంది. తరలించే ముందు పేజీలు తగ్గించడం అన్నిటికంటే చవకైన దారి.

చదవడానికి మాత్రమే వచ్చేవాళ్లకూ పూర్తి ధర కట్టాలా అని అడగండి. ఓపెన్ సోర్స్ సిస్టమ్‌లకు లైసెన్సు ఖర్చు ఉండదు. సర్వర్, బ్యాకప్, అప్‌డేట్లు చూసుకునే మనిషి ఉంటే అవి చక్కగా నడుస్తాయి, ఆ మనిషి లేకపోతే వాటి జోలికి వెళ్లొద్దు.

8. బయటపడే దారి ముందే చూసుకోండి

కాన్‌ఫ్లుయెన్స్‌ను తయారుచేసే అట్లాసియన్ కంపెనీ తన సర్వర్ ఉత్పత్తులకు 2024 ఫిబ్రవరి 15తో సపోర్ట్ ఆపేసింది. కాన్‌ఫ్లుయెన్స్‌ను ఆ లైసెన్సుతో సొంత సర్వర్ల మీద నడుపుకుంటున్న సంస్థలు వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది మేలో ఫేస్‌బుక్ నడిపే మెటా, ఆఫీసుల కోసం నడిపిన తన వర్క్‌ప్లేస్ అనే వేదికను మూసేస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద కంపెనీ కాబట్టి ఎప్పటికీ ఉంటుందనుకోవడానికి లేదు.

ట్రయల్‌లోనే యాభై పేజీలు ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. బొమ్మలు వచ్చాయా, పట్టికలు చెదిరిపోయాయా, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఉన్న లింకులు పనిచేస్తున్నాయా, పాత వర్షన్లు, కామెంట్లు వచ్చాయా? పీడీఎఫ్ మాత్రమే ఇస్తామంటే అది బయటపడే దారి కాదు. మార్క్‌డౌన్, హెచ్‌టీఎంఎల్ లాంటి రూపాల్లో ఇస్తే రేపు ఇంకోచోట పెట్టుకోవచ్చు. డోకువికీ పేజీల్ని డేటాబేస్ లేకుండా మామూలు టెక్స్ట్ ఫైళ్లుగానే దాస్తుంది. ఈ ఒక్క విషయంలో దానికి సాటి తక్కువ.

9. ఒక టీమ్‌తో ఆరు వారాలు నడపండి

పైలట్‌కు, అంటే ఈ ప్రయోగానికి, ఉత్సాహంగా ముందుకొచ్చే టీమ్‌ను ఎంచుకోవాలనిపిస్తుంది. ఎక్కువ ప్రశ్నలు వచ్చే టీమ్‌ను ఎంచుకోండి. ఎంతమంది లాగిన్ అయ్యారు, ఎన్ని పేజీలు రాశారు అన్నవి కొలవకండి, అవి చూడ్డానికి బాగుంటాయంతే. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2002లో నాసా మీద ఒక నివేదిక ఇచ్చింది. పాత ప్రాజెక్టుల పాఠాలు దాచడానికి నాసా దగ్గర డేటాబేస్ ఉంది. అయినా ఆ పాఠాల్ని సేకరించడం, పంచుకోవడం మేనేజర్ల రోజువారీ పనిలో భాగం కాలేదని ఆ నివేదికలో తేలింది.

కొలవాల్సింది మళ్లీ ఆ ప్రశ్నల షీటే. పైలట్ చివరి రెండు వారాల్లో అదే టీమ్‌లో ప్రశ్నలు మళ్లీ పోగుచేయండి. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ రావడం తగ్గిందా? అందరూ వెళ్లి అడిగే ఆ ఒక్క మనిషికి కాస్త ఊపిరాడుతోందా? జవాబు దొరకడానికి పట్టే సమయం తగ్గిందా? ఈ మూడింటిలో రెండు మెరుగుపడితే ముందుకెళ్లండి. లేకపోతే ఇంకో రెండు వారాలు ఆగి కారణం వెతకండి, అమ్మేవాళ్లు నెలాఖరు డిస్కౌంట్ అంటూ తొందరపెట్టినా సరే.

10. సంతకం, తర్వాతి తొంభై రోజులు

ఒప్పందంలో నాలుగు విషయాలు కనిపించాలి: డేటా మీ సొంతమే అన్న మాట, ఒప్పందం ముగిశాక డేటా తీసుకోవడానికి ఇచ్చే గడువు, రెన్యువల్‌లో ధర ఎంత మేరకు పెంచవచ్చన్న పరిమితి, సర్వీస్ ఆగిపోతే ఎంతసేపట్లో స్పందిస్తారన్నది. మొదటి ఏడాదికి అందరికీ లైసెన్సులు కొనేయకండి, టీములవారీగా పెంచుకుంటూ వెళ్లండి.

సిస్టమ్ మొదలైన రోజు నుంచి దాని బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉండాలి. కమిటీ పేరు మీద కాదు. ఆ మనిషి ప్రతి సోమవారం ఒక రిపోర్ట్ తీయాలి: పోయిన వారం ఎవరెవరు ఏం వెతికితే ఏమీ దొరకలేదు. అందులో పై పది మాటలు తీసుకుని, జవాబు ఉంటే ఆ పేజీ పేరు మార్చాలి లేదా ఆ మాటను చేర్చాలి, లేకపోతే తెలిసినవాళ్లతో ఐదు లైన్లు రాయించాలి. మొదటి వారంలో ‘బిల్లు వెనక్కి’ ఆ లిస్టులో కనిపిస్తే, రెండో వారానికి అది ఉండకూడదు.